స్ట్రిప్ మూసేస్తే రేసులు ఆగవు, మన వీధుల్లోకి వస్తాయి: ఒక బహిరంగ లేఖ

మా కౌంటీ కమిషనర్లకు, ప్లానింగ్ బోర్డు సభ్యులకు,
డ్రాగ్ స్ట్రిప్ చుట్టుపక్కల కొత్త కమ్యూనిటీల్లో ఇళ్ళు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు,

నమస్కారం.

అట్లాంటాకు ఉత్తరాన మనం ఉంటున్న ఈ కౌంటీలో ఒక పాత డ్రాగ్ స్ట్రిప్ ఉంది, అంటే రెండు కార్లు పక్కపక్కన నిలబడి తిన్నటి దారి మీద పందెం పరిగెత్తే ట్రాక్. దాన్ని మూయించమని కౌంటీకి అర్జీ వెళ్ళింది. ఆ అర్జీ పబ్లిక్ రికార్డే, ఎవరైనా చూడొచ్చు. కింద ఉన్న సంతకాల్లో చాలా భాగం మన తెలుగువాళ్ళవి. అందుకే ఈ లేఖ తెలుగులో రాస్తున్నాను. ఇంగ్లీషులో చెప్పాల్సింది చెప్పేశాం. కమిషనర్లకు ఈమెయిళ్ళు పెడితే 'అందింది' అన్న ఆటోమేటిక్ జవాబు తప్ప ఇంకేమీ రాలేదు. హియరింగ్‌లో మనిషికి మూడు నిమిషాలు ఇచ్చారు. స్ట్రిప్‌ను ఉంచాలనే మావాళ్ళు వరసగా లేచి మాట్లాడారు, బోర్డు నుంచి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. కూర్చుని మాట్లాడుకుందాం రమ్మని మూడు కమ్యూనిటీల హెచ్.ఓ.ఏ. (ఇళ్ళ యజమానుల సంఘం) బోర్డులకు కబురు పంపాం. ఎవరూ రాలేదు. ఇక నలుగురిలో పెట్టడం తప్ప దారి లేదు. దీని ఇంగ్లీషు ప్రతిని కమిషనర్ల ఆఫీసులో ఇస్తున్నాను.

నేను గుంటూరు జిల్లా నుంచి వచ్చినవాడిని. ఇరవై ఏళ్ళకు పైగా జార్జియాలో ఉంటున్నాను. నా దగ్గర 1970 ప్లిమత్ డస్టర్ 340 ఉంది, దాన్ని ఆ స్ట్రిప్ మీదే నడుపుతాను. కాబట్టి ఇందులో నా స్వార్థం ఉంది, దాచడం లేదు. అయితే ఇక్కడ రాస్తున్న వాటిలో ఎక్కువ భాగం నా కారు గురించి కాదు, మన ఇళ్ళ ముందున్న రోడ్ల గురించి, మన పిల్లల గురించి.

ముందుగా ఆ గేటు లోపల ఏం జరుగుతుందో చెప్పనివ్వండి. అర్జీలో 'అదుపులేని స్పీడ్ రేసింగ్' అని రాశారు. సంతకం పెట్టినవాళ్ళలో లోపలికి వచ్చి చూసినవాళ్ళు చాలా తక్కువని నాకు తెలుసు.

అది ఎనిమిదో వంతు మైలు స్ట్రిప్, అంటే 660 అడుగులు. రెండు లేన్లు, రెండు వైపులా కాంక్రీటు గోడ, గీత దాటాక కారు ఆగడానికి పొడవాటి ఖాళీ దారి. గేటులోకి రాగానే కారు టెక్‌కు, అంటే తనిఖీకి, వెళ్ళాలి. అక్కడ ఇన్‌స్పెక్టర్ ముందు చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపి చూస్తాడు. బ్యాటరీ గట్టిగా బిగించి ఉందా, కాలు తీయగానే యాక్సిలరేటర్‌ను వెనక్కి లాగే స్ప్రింగు ఉందా, రేడియేటర్ నీళ్ళు ట్రాక్ మీద కారకుండా డబ్బా ఉందా, సీటు బెల్టు సరిగ్గా ఉందా, అన్నీ చూస్తాడు. బ్యాటరీని డిక్కీలోకి మార్చిన కారైతే వెనక బంపర్ దగ్గర బయటికి ఒక స్విచ్ ఉండి తీరాలి, ప్రమాదం జరిగితే ఎవరైనా పరిగెత్తుకొచ్చి కరెంటు ఆపేయడానికి. డ్రాగ్ రేసులు నడిపే జాతీయ సంస్థ ఎన్.హెచ్.ఆర్.ఏ. (నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్) రూల్స్ ప్రకారం ఎనిమిదో వంతు మైలు 8.59 సెకన్లలో గానీ అంతకంటే త్వరగా గానీ దాటే కారులో హెల్మెట్ తప్పనిసరి. పాత కారు 7.35 సెకన్లకు వచ్చిందంటే లోపల రోల్ బార్ ఉండాలి, అంటే కారు బోల్తాపడినా మనిషిని కాపాడే ఇనుప కమ్మీ. ఒక్కటి తక్కువైనా స్టిక్కర్ అంటించరు, స్టిక్కర్ లేకపోతే లైన్లోకి రానివ్వరు. లైన్ పక్కనే అంబులెన్సు, ఫైర్ సిబ్బంది ఉంటారు.

అది దాటాక నీళ్ళు పోసిన చోట వెనక టైర్లు గిర్రున తిప్పి వేడి చేస్తాం. మీకు వినిపించే అరుపుల్లో ఒకటి అదే. ఆ తర్వాత నెమ్మదిగా ముందుకు జరిగితే స్తంభం మీద రెండు చిన్న లైట్లు వెలుగుతాయి. మొదటిది 'దగ్గరికొచ్చావు' అని, రెండోది 'గీత మీద ఉన్నావు' అని. ఆపైన అర సెకను తేడాతో మూడు పసుపు లైట్లు, తర్వాత పచ్చ. తొందరపడితే ఎర్ర లైటు, ఆ రౌండు పోయినట్టే. గీత దగ్గర నేల మీద ఎంత జిగురు ఉంటుందంటే వదులు చెప్పులతో నడిస్తే చెప్పు అక్కడే ఉండిపోతుంది. టైరు జారకుండా నేలను పట్టుకోవాలని రబ్బరు, జిగురు మందు పొరలు పొరలుగా వేస్తారు. మామూలు తారు రోడ్డు మీద ఆ పట్టు ఉండదు. అదే ఇంజను, అదే కుర్రాడు రోడ్డు మీదికి వస్తే బండి పక్కకు తిరిగి జనం మీదికి ఎందుకు పోతుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

శనివారం రాత్రి జరిగేవన్నీ దాదాపు బ్రాకెట్ రేసులే. నా కారు ఎన్ని సెకన్లలో గీత దాటుతుందో ముందే అద్దం మీద రాసుకుంటాను. పక్క లేన్లో నాకంటే ఒక సెకను వేగంగా పోయే కారు ఉంటే నన్ను ఒక సెకను ముందు వదులుతారు. రాసుకున్న టైము కంటే త్వరగా వెళ్ళానా, ఓడిపోయినట్టే. అంటే ఇక్కడ గెలిచేది పిచ్చి స్పీడు కాదు. ప్రతిసారీ ఒకేలా నడపగలగడం, లైటు చూసి కాలు వదిలే నేర్పు. ఫెండర్ మీద ఇంకా ప్రైమర్ మాత్రమే ఉన్న 1972 నోవాతో ఒక ప్లంబర్ లక్ష డాలర్ల కారును ఓడించి వెళ్ళిపోతాడు. నేను ఈ ఆటను ప్రేమించడానికి మొదటి కారణం అదే.

ఆ కార్ల గురించి కూడా నాలుగు మాటలు. 'మజిల్ కార్' అంటే మన దగ్గర చాలామందికి సినిమాల్లో గోల చేసే బండి. కానీ ఆ కార్లు పుట్టిందే ఈ ఆట కోసం. 1964లో పాంటియాక్ తన మధ్య సైజు టెంపెస్ట్ కారులో 389 క్యూబిక్ అంగుళాల ఇంజను పెట్టి జీటీవో అని అమ్మింది. అంతకు ముందు పెద్ద కార్లకే దక్కే ఇంజను జీతాలతో బతికే కుర్రాళ్ళకు అందుబాటులోకి వచ్చింది. తర్వాత మిగతా కంపెనీలన్నీ ఆ దారి పట్టాయి. 1968లో క్రైస్లర్ హెమీ అనే తన బలమైన ఇంజనుతో కొన్ని డార్ట్, బారకూడా కార్లు తయారుచేయించి డ్రాగ్ రేసర్లకు అమ్మింది. ఇది పబ్లిక్ రోడ్ల మీద నడపడానికి చేసిన బండి కాదని కంపెనీయే వాటి మీద లేబుల్ అంటించింది. ఎక్కడ నడపాలో తయారుచేసినవాళ్ళకు అంత స్పష్టంగా తెలుసు. నా డస్టర్ అంత పెద్ద కారేమీ కాదు. అప్పటి లెక్కలో 275 హార్స్‌పవర్, చవకలో వేగం కావాలనుకున్నవాళ్ళ కోసం చేసింది. ఇన్సూరెన్సు రేట్లు, పొల్యూషన్ రూల్స్, 1973 ఆయిల్ సంక్షోభం కలిసి ఆ కాలాన్ని ముగించేశాయి. మిగిలిన కార్లు ఈ చిన్న చిన్న స్ట్రిప్‌ల మీదే బతుకుతున్నాయి.

ఇక స్ట్రిప్‌లు అసలు ఎందుకు పుట్టాయన్నది. కమిషనర్లు ముఖ్యంగా ఈ భాగం చదవాలని కోరుతున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కాలిఫోర్నియాలో కుర్రాళ్ళు రోడ్ల మీద రేసులు పెట్టుకుని చచ్చిపోతున్నారు. 1950లో శాంటా ఆనా ఎయిర్‌పోర్టు రన్‌వే మీద టికెట్ పెట్టి రేసులు మొదలయ్యాయి. 1951లో వాలీ పార్క్స్ ఎన్.హెచ్.ఆర్.ఏ. స్థాపించాడు. 1953లో ఆ సంస్థ తొలి అధికారిక రేసు పొమోనాలో జరిగింది. దానికి అండగా నిలబడింది ఆ ఊరి పోలీస్ చీఫ్ రాల్ఫ్ పార్కర్. ఆ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసిన బడ్ కూన్స్ 1954లో డ్రాగ్ సఫారీ పేరుతో ఒక బృందాన్ని వెంటేసుకుని ఊరూరా తిరిగి, రోడ్డు మీద కాకుండా రేసు ఎలా నడపాలో నేర్పాడు. రేసును రోడ్డు మీద నుంచి తప్పించడానికి పోలీసులే ముందుకొచ్చారు.

లాస్ ఏంజెలెస్‌లో ఇంకో కథ ఉంది. 1965లో నల్లవాళ్ళు ఎక్కువగా ఉండే వాట్స్ పేటలో జరిగిన అల్లర్ల తర్వాత బిగ్ విల్లీ రాబిన్సన్ అనే ఆరున్నర అడుగుల మనిషి తెల్లవాళ్ళను, నల్లవాళ్ళను, మెక్సికన్లను కార్ల చుట్టూ ఒకచోటికి చేర్చాడు. గ్యాంగుల్లో ఉన్న కుర్రాళ్ళు కూడా ఆయన మాట వినేవారు. ఆయన పోరాడగా 1974లో టెర్మినల్ ఐలాండ్‌లో బ్రదర్‌హుడ్ రేస్‌వే తెరుచుకుంది. సిటీ దాన్ని పలుమార్లు మూసింది, తెరిచింది, 1995లో పూర్తిగా మూసేసింది. లాస్ ఏంజెలెస్ రోడ్ల మీద రేసులు ఈ రోజుకీ ఆగలేదు. శాన్ డియాగోలో మాత్రం 1990ల చివర ఒక యూనివర్సిటీ ప్రజారోగ్య నిపుణుడు స్టీఫెన్ బెండర్ రోడ్డు రేసులను ఒక రోగంలాగా పరిశీలించి, స్టేడియం పార్కింగ్ లాట్‌లోనే ఎనిమిదో వంతు మైలు గీసి కుర్రాళ్ళను అక్కడికి రప్పించాడు. మన కౌంటీలో ఇప్పటికే గోడలతో, లైట్లతో, ఇన్‌స్పెక్టర్లతో తయారుగా ఉన్నదాన్ని వాళ్ళు పార్కింగ్ లాట్‌లో కొత్తగా సృష్టించుకోవాల్సి వచ్చింది.

శబ్దం గురించి ఫిర్యాదులు పెరిగి లాస్ ఏంజెలెస్‌లోని విల్మింగ్టన్‌లో ఉన్న లయన్స్ డ్రాగ్ స్ట్రిప్ 1972 డిసెంబరులో మూతపడింది. అది 1955లో మొదలైంది. ఆ పద్ధతే ఇప్పుడు దేశమంతటా నడుస్తోంది. భూమి ధర పెరుగుతుంది, ఇళ్ళు దగ్గరికొస్తాయి, స్ట్రిప్ పోతుంది. న్యూజెర్సీలో మన ఎడిసన్‌కు దగ్గర్లో ఉన్న ఇంగ్లిష్‌టౌన్ స్ట్రిప్‌లో 1965 నుంచి నడిచిన డ్రాగ్ రేసింగ్ 2018 జనవరిలో ఆగిపోయింది. డెన్వర్ పక్కన కొండవాలున 1958 నుంచి ఒకే కుటుంబం నడిపిన బాండిమేర్ స్పీడ్‌వే 2023లో మూతపడింది. హ్యూస్టన్ దగ్గర బేటౌన్‌లోని స్ట్రిప్ కూడా అదే ఏడాది పోయింది.

మన జార్జియా సంగతి చూడండి. కామర్స్‌లోని అట్లాంటా డ్రాగ్‌వేలో సదరన్ నేషనల్స్ అనే పెద్ద రేసు చివరిసారి 2021 మే మొదట్లో జరిగింది. స్థలం అమ్మకానికి పోయింది. అదే మే నెలలో గవర్నర్ కెంప్ రోడ్ల మీద రేసులకు శిక్షలు పెంచే చట్టం మీద సంతకం పెట్టారు. చట్టాన్ని నేను తప్పుపట్టను, అవసరమే. కానీ రోడ్డు మీద వద్దని చెప్పిన నెలలోనే, ఎక్కడికి వెళ్ళాలో చూపించే పెద్ద చోటు మన చేతిలోంచి జారిపోయింది. ఇప్పుడు మన కౌంటీ మిగిలిన చిన్న చోటును కూడా తీసేయబోతోంది.

మూసేస్తే మామూలు జనానికి జరిగేది ఇది.

1. రేసు రోడ్డు మీదికి వస్తుంది. రాత్రి పదకొండు దాటాక మన కమ్యూనిటీల మధ్య ఉన్న నాలుగు లేన్ల రోడ్డు సిగ్నల్ దగ్గర రెండు కార్లు ఇంజన్లు రెయిజ్ చేస్తూ నిలబడటం మీరూ చూసే ఉంటారు. ఆ రోడ్డు మీదే మన ఆడపిల్లలు హాస్పిటల్ నైట్ డ్యూటీ ముగించుకుని ఇంటికొస్తారు. కొత్తగా వచ్చిన స్టూడెంట్లు గ్యాస్ స్టేషన్ షిఫ్ట్ అయ్యాక నడిచి వెళ్తుంటారు, వాళ్ళలో చాలామందికి కారే ఉండదు. అక్కడ టెక్ ఉండదు, గోడ ఉండదు, అంబులెన్సు ఉండదు, ఎదురుగా ఎవరొస్తున్నారో తెలియదు. స్ట్రిప్‌లో ఇద్దరి మధ్య జరిగే పందెం ఇద్దరి మధ్యే ఉంటుంది. రోడ్డు మీద మాత్రం దాని ఖరీదు, పందెంతో ఏ సంబంధమూ లేని మూడో మనిషి కడతాడు.

2. ఇది మన పిల్లల సమస్య కూడా. 485 హార్స్‌పవర్ ఉన్న డాడ్జ్ ఛార్జర్ స్కాట్ ప్యాక్ కారు ఈ రోజు యూజ్డ్ కార్ల లాట్‌లో దొరుకుతుంది. పంతొమ్మిదేళ్ళ కుర్రాడికి తండ్రి పక్కన కూర్చుని లోన్ మీద సంతకం పెడితే చాలు. మన ఇళ్ళలో ఇది జరుగుతోంది. పుట్టినరోజుకి, కాలేజీ సీటు వచ్చినందుకు కొనిస్తున్నాం. తప్పని అనను. కానీ కొనిచ్చాక వాడు దాన్ని ఒక్కసారైనా పూర్తిగా తొక్కి చూడకుండా ఉంటాడని నమ్మితే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. మన కుర్రాళ్ళు కొందరు నా గ్యారేజీకి వచ్చి 'అంకుల్, మీదెంత కొడుతుంది?' అని అడుగుతారు. నేను చెప్పను, శుక్రవారం టెస్ట్ అండ్ ట్యూన్‌కు, అంటే ఎవరి కారు వాళ్ళు పరీక్షించుకునే రాత్రికి, రమ్మంటాను. చేతికి టైమ్ స్లిప్ వస్తుంది. లైటుకు ఎంత ఆలస్యంగా కదిలాడు, మొదటి 60 అడుగులు ఎంతలో వెళ్ళాడు, గీత దగ్గర ఎంత స్పీడు, అన్నీ అందులో ఉంటాయి. ఏభై ఏళ్ళు దాటిన నా డస్టర్ వాడి కొత్త కారు కంటే మొదటి 60 అడుగులు ముందు దాటినట్టు ఆ కాగితం మీద చూశాక, బటన్ నొక్కితే వచ్చేది డ్రైవింగ్ కాదని వాడికి తెలుస్తుంది. నేను ఇంట్లో కూర్చోబెట్టి చెప్పే వంద మాటలకు ఆ పని సాధ్యం కాదు. చిన్నపిల్లలకైతే 1992 నుంచి ఎన్.హెచ్.ఆర్.ఏ. జూనియర్ లీగ్ ఉంది. ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు సగం సైజు డ్రాగ్‌స్టర్లు నడుపుతారు. మా స్ట్రిప్‌లో ఆ లైన్లో ఆడపిల్లలే ఎక్కువ కనిపిస్తారు. పన్నెండేళ్ళకే హెల్మెట్, బెల్టు, ఇన్‌స్పెక్షన్ అలవాటైన పిల్ల పద్దెనిమిదేళ్ళకు రోడ్డు మీద ఎలా నడుపుతుందో నేను కళ్ళారా చూస్తున్నాను.

3. చిన్న షాపుల కడుపు మీద దెబ్బ పడుతుంది. ఇంజన్ బ్లాక్ బోరింగ్ చేసే మెషిన్ షాపు, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ విప్పి బిగించే ముసలాయన, హోలీ కార్బురేటర్ జెట్లు మార్చి ఇచ్చే మనిషి, ట్రెయిలర్లు వెల్డింగ్ చేసే అన్నదమ్ములు, వీళ్ళంతా స్ట్రిప్‌ను నమ్ముకున్నవాళ్ళు. మెషిన్ షాపు ఒకసారి మూతపడితే ఆ పని నేర్చుకున్నవాడు ఇంకొకడు రాడు. లోపల తినుబండారాల స్టాల్ హైస్కూలు పిల్లల బ్యాండ్ కోసం తల్లిదండ్రులు నడుపుతారు.

4. పాత కార్లు డబ్బున్నవాళ్ళ గ్యారేజీల్లోకి వెళ్ళిపోతాయి. నడిపే చోటు లేని కారును మెకానిక్కో, ఎలక్ట్రీషియనో పెట్టుకోలేడు, అమ్ముకుంటాడు. కొన్నవాడు తెర కప్పి వేలం ధర కోసం చూస్తాడు. టైమింగ్ లైటు పట్టుకుని డిస్ట్రిబ్యూటర్ తిప్పి శబ్దం విని సరిచేయగల చేతులు అప్పటితో పోతాయి. మిషిగన్‌లోని స్టాంటన్‌లో ఏటా ప్యూర్ స్టాక్ మజిల్ కార్ రేసు జరుగుతుంది. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న కార్లు సన్నటి టైర్లతో పరిగెడతాయి. ఆ కార్ల గురించి పుస్తకాల్లో ఉన్నది నిజమో కాదో తేలేది అలాంటి చోటే. అది కూడా ఒక ఊరి స్ట్రిప్పే.

5. స్ట్రిప్ పోతే ఆ స్థలంలో పార్కు వస్తుందని అనుకోకండి. హైవే పక్క అంత బల్లపరుపు భూమికి గోడౌన్ల వాళ్ళే ముందు వస్తారు. వారానికి రెండు రాత్రుల శబ్దం పోయి రోజంతా లారీలు వస్తాయి.

6. ఒకసారి పోయినది తిరిగి రాదు. అంత పొడవు చదును స్థలం, దాని చుట్టూ ఒప్పుకునే జోనింగ్, ఇన్సూరెన్సు, ఇవన్నీ కొత్తగా ఈ రోజుల్లో ఎవరికీ కుదరవు. లయన్స్ పోయి అర్ధ శతాబ్దం దాటింది. ఆ చోట మళ్ళీ స్ట్రిప్ రాలేదు.

ఇప్పుడు మీ బాధ గురించి. శబ్దం నిజం. అడ్డంగా వాదించను. సైలెన్సర్ లేని వీ8 ఇంజను ఫుల్ త్రాటిల్‌లో ఉంటే అరమైలు దూరంలో కిటికీ అద్దాలు కదులుతాయి. చంటిపిల్లను నిద్రపుచ్చిన తల్లికి, ఇండియా నుంచి ఆరు నెలల కోసం వచ్చి పగలు రాత్రి తేడా ఇంకా అలవాటుకాని పెద్దవాళ్ళకు అది నరకమే. అర్జీలో ఒకావిడ రాసిన మాటలు చదివాను. బిల్డర్ సేల్స్ ఆఫీసులో స్ట్రిప్ ఉందని ఎవరూ చెప్పలేదట, ఇల్లు చూడ్డానికి ఎప్పుడూ మంగళవారమో బుధవారమో రమ్మనేవారట. ఆవిడ కోపం న్యాయమైనది. కానీ ఆ కోపం చేరాల్సిన చోటు సేల్స్ ఆఫీసు. అక్కడ ఇళ్ళకు పర్మిషన్ ఇచ్చిన కౌంటీ కూడా జవాబు చెప్పాలి. స్ట్రిప్ ఎక్కడుందో కౌంటీ మ్యాపుల్లో దశాబ్దాలుగా ఉంది.

దేశంలోని యాభై రాష్ట్రాల్లోనూ 'రైట్ టు ఫార్మ్' చట్టాలు ఉన్నాయి. కోళ్ళఫారం పక్కన కొత్తగా ఇల్లు కట్టుకుని వాసన వస్తోందని ఫారం మూయించలేరు. జార్జియా 2022లో దాన్ని ఇంకా గట్టి చేసింది. ముందు నుంచి ఉన్న రైతుకు ఇచ్చిన రక్షణ ముందు నుంచి ఉన్న స్ట్రిప్‌కు ఎందుకు ఉండకూడదో ఎవరైనా వివరిస్తే వింటాను.

మా డిమాండ్లు ఇవి.

1. శబ్దాన్ని కొలవండి. రేసు ఉన్న రాత్రి, లేని రాత్రి, ఇళ్ళ సరిహద్దు దగ్గర మీటర్లు పెట్టించి ఆ లెక్కలు అందరికీ ఇవ్వండి. కాలిఫోర్నియాలోని లగూనా సెకా సర్క్యూట్‌లో ప్రతి కారునూ మీటరుతో కొలుస్తారు, పరిమితి దాటితే ట్రాక్ మీద నుంచి పిలిచేస్తారు. కొలత చేతికి వచ్చేదాకా మూసివేత ఓటింగ్ వాయిదా వేయండి.

2. వేళలు రాతపూర్వకంగా పెట్టండి, మేం ఒప్పుకుంటాం. శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకు, శనివారం పదిన్నరకు చివరి కారు. ఆదివారం మధ్యాహ్నం దాకా ఇంజను స్టార్ట్ చేయకూడదు. టెస్ట్ అండ్ ట్యూన్ రాత్రుల్లో ప్రతి కారుకూ మఫ్లర్ తప్పనిసరి. స్కూలు పరీక్షల వారాల్లో ఒక రాత్రి మానేయడానికి కూడా సిద్ధం.

3. ఇకపై స్ట్రిప్ దగ్గర ఇళ్ళు కట్టే ప్రతి బిల్డరూ మట్టికట్ట గానీ, శబ్దాన్ని ఆపే గోడ గానీ తన ఖర్చుతో కట్టాలి. ఇల్లు అమ్మేటప్పుడు 'ఇక్కడికి ఇంత దూరంలో డ్రాగ్ స్ట్రిప్ ఉంది' అన్న కాగితం మీద కొనేవాళ్ళ సంతకం తీసుకోవాలి. ఇప్పటికే కొన్నవాళ్ళకు కిటికీలు మార్చుకునే ఖర్చు బిల్డర్ల నుంచి ఇప్పించే దారి కౌంటీ చూడాలి. ఆ పోరాటంలో మేము మీ పక్కన నిలబడతాం.

4. మన జిల్లా శాసనసభ్యులు ఫారాలకు ఉన్నట్టే పాత రేస్ ట్రాకులకూ రక్షణ ఇచ్చే బిల్లు పెట్టాలి. కౌంటీ బోర్డు దాన్ని కోరుతూ తీర్మానం చేయాలి.

5. షెరీఫ్ ఆఫీసు నెలకొక రాత్రి కుర్రాళ్ళ కోసం స్ట్రిప్‌లో కూర్చోవాలి. రోడ్డు మీద మొదటిసారి పట్టుబడిన, ఎవరికీ దెబ్బ తగలని కేసుల్లో కుర్రాడిని అక్కడికి పంపే ఏర్పాటు ఉండాలి. పొమోనా పోలీసులు 1950లలో చేసిన పని మనవాళ్ళకు చేతకాదని నేను అనుకోను.

6. వీటన్నిటి తర్వాత కూడా మూసేయాలనే నిర్ణయిస్తే, ముందు ఇంకో చోటు చూపించి, అక్కడ తొలి రేసు జరిగాకే ఇక్కడ గేటుకు తాళం వేయాలి.

తెలుగు కుటుంబాలకు విడిగా ఒక మాట. సంతకం పెట్టమని వాట్సాప్ గ్రూపులో లింకు వచ్చింది, పక్కింటివాళ్ళు పెట్టారు, మీరూ పెట్టారు. చాలామంది విషయంలో జరిగింది ఇంతేనని నాకు తెలుసు, మిమ్మల్ని శత్రువులుగా చూడటం లేదు. స్ట్రిప్‌లో నా ఎదుటి పిట్‌లో (కార్లు నిలిపి సరిచేసుకునే చోటు) ఉండే పెద్దాయన అక్కడికి ముప్ఫై ఏళ్ళుగా వస్తున్నాడు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చాక కొన్న షెవెల్ ఇంకా ఆయన దగ్గరే ఉంది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు పేరు అడగకుండానే నా కారు కిందికి దూరి వదులైన యూ-జాయింట్ బోల్టు చూపించి, బిగించుకోవడానికి తన రెంచి ఇచ్చాడు. ఈ మధ్య ఆయన నన్ను అడిగాడు, 'మీవాళ్ళకు మేమేం చేశాం?' అని. నా దగ్గర జవాబు లేకపోయింది. మనం ఈ ఊరికి కొత్తగా వచ్చి ఇల్లు, గుడి, స్కూలు అన్నీ కట్టుకున్నాం. మన గుడి జోనింగ్ కోసం హియరింగ్ జరిగినప్పుడు ట్రాఫిక్ పెరుగుతుందని ఎదురు చెప్పినవాళ్ళున్నారు. మన పక్షాన మాట్లాడినవాళ్ళలో ఆయన కూడా ఉన్నాడు. ఆ సంగతి గుడి కమిటీ పెద్దలకు తెలుసు, మిగతావాళ్ళకు వాళ్ళే చెప్పాలని కోరుతున్నాను.

మీ నుంచి అడిగేది పెద్దది కాదు. ఓటింగ్‌కు ముందు ఒక శనివారం సాయంత్రం కుటుంబంతో రండి. పిల్లలకు చెవుల మఫ్లు గేటు దగ్గరే ఇస్తాం. టెక్ చూడండి, జూనియర్ పిల్లల లైన్ చూడండి, తిరిగి మీ ఇంటికి వెళ్ళి శబ్దం ఎంత వస్తోందో కూడా వినండి. అప్పటికీ మూసేయాలనిపిస్తే మీ సంతకం మీ ఇష్టం. అలా కాకపోతే, సంతకం వెనక్కి తీసుకుంటున్నట్టు గానీ, పైన రాసిన వేళలు, గోడ, కిటికీల షరతులతో స్ట్రిప్‌ను ఉంచమని గానీ కౌంటీ క్లర్కుకు ఒక లైను రాసి పంపండి. హెచ్.ఓ.ఏ. మీటింగుల్లో పదిహేను నిమిషాలు ఇస్తే నేను, స్ట్రిప్ మేనేజరు, అంబులెన్సు టీములోని ఒకరు వచ్చి మీరు అడిగిన ప్రతి ప్రశ్నకు జవాబు చెబుతాం.

కమిషనర్లకు: వచ్చే హియరింగ్‌లో మూడు నిమిషాల పద్ధతి వద్దు. డిమాండ్ల ప్రకారం ఒక్కొక్క అంశాన్ని చర్చకు పెట్టి, ఒప్పుకుంటున్నారో లేదో, ఒప్పుకోకపోతే ఎందుకో రికార్డులోకి ఎక్కేలా చెప్పండి. రాతపూర్వక జవాబు కోసం ఎదురుచూస్తున్నాం.

ఇట్లు
మీ పొరుగువాడు, 1970 డస్టర్ యజమాని
ఉత్తర జార్జియా